అంకె వెనుక దాగిన పేరు

ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై సంవత్సరాలకు తెలుగువారు పేర్లు పెట్టుకున్నారు. ఆ వరుస మారదు. అరవై ఒకటవ పేరు లేదు. ఇట్లా పరిమితమైన పేర్ల జాబితాను ముందుగా ప్రకటించుకొని వాడుకొనే సౌకర్యం కంప్యూటరు భాషలలోనూ ఉన్నది. దానిని ఎన్యూమరేటెడ్ టైప్ అనీ, క్లుప్తంగా ఎన్యూమ్ అనీ అంటారు. నిక్లాస్ విర్త్ 1970లో వెలువరించిన పాస్కల్ భాషలో ఇది కనిపిస్తుంది. అనంతరం సి భాషలోనూ చేరి, 1989 నాటి అమెరికన్ ప్రమాణంలో స్థిరపడింది.

ప్రోగ్రాములో "ఈశ్వర" అని వ్రాస్తే చదివేవారికి అర్థమవుతుంది. కాని ఆ విలువను ముద్రించమని సి భాషను కోరితే వచ్చేది 10 అనే అంకె మాత్రమే. పంచాంగంలో ఈశ్వర పదకొండవదైనా, సి భాష సున్న నుండి లెక్కిస్తుంది. కంపైలర్ మూలపాఠాన్ని యంత్రభాషలోకి మార్చేటప్పుడు ప్రతి పేరుకు బదులుగా ఒక పూర్ణాంకాన్ని నిలుపుతుంది. నడిచే ప్రోగ్రాముకు ఆ పేరుతో పని లేదు. మెమరీ ఎంతో ఖరీదైన 1970ల నాటి యంత్రాలకు ఆ పొదుపు అవసరమే.

అందుచేత ప్రోగ్రామరు అదే వరుసలో పేర్ల పట్టికను మరొకచోట వ్రాసుకుంటాడు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక రక్తనిధి కోసం వ్రాసిన ప్రోగ్రామును ఊహించుకుందాం. మొదట 'ఎ', 'బి', 'ఓ' అని మూడు వర్గాలే ప్రకటించి, పట్టికలోనూ ఆ మూడే వ్రాశారు. తరువాత వేరొకరు ప్రకటనలో 'బి', 'ఓ'ల నడుమ 'ఎబి'ని చేర్చి, పట్టికను సవరించడం మరచారు. ఇప్పుడు 'ఎబి' విలువ 2. పట్టికలో 2వ అంకెకు ఎదురుగా ఉన్నది 'ఓ'. కనుక 'ఎబి' రక్తపు సంచిపై 'ఓ' అని ముద్రితమవుతుంది. ఆ రక్తాన్ని 'ఓ' వర్గపు రోగికి ఎక్కిస్తే, అతని రక్తంలోని యాంటీబాడీలు ఆ ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తాయి. అది ప్రాణాంతకం కావచ్చు. ఇక అసలైన 'ఓ' విలువ 3. పట్టికలో ఆ స్థానమే లేదు. అప్పుడు ఏమి జరుగుతుందో సి ప్రమాణం నిర్దేశించదు. కంపైలర్ నుండి ఒక్క హెచ్చరికైనా రాకపోవచ్చు.

దీనికి విరుగుడు ఒక్కటే: పేర్లను ఒక్కచోట మాత్రమే వ్రాయడం. అనుభవజ్ఞులైన సి ప్రోగ్రామర్లు ఎక్స్-మాక్రో అనే పద్ధతిలో ఒకే జాబితా నుండి ప్రకటననూ పట్టికనూ రాబట్టుకుంటారు. అమెరికా రక్షణశాఖ కోసం రూపొందిన ఆడా భాష 1983 నాటి ప్రమాణంలోనే విలువను పేరుగా మార్చే 'ఇమేజ్' అనే సదుపాయాన్ని కల్పించింది. 2015లో తొలి స్థిర సంచిక వెలువడిన రస్ట్ భాషలో, ప్రకటనకు పైన ఒక్క పంక్తి చేరిస్తే కంపైలరే పేర్లను సమకూర్చిపెడుతుంది. సి ప్లస్ ప్లస్ భాషకు ఇటువంటి మార్గం చూపే 'రిఫ్లెక్షన్' అంశాన్ని ప్రమాణ సంఘం 2025లో తన ముసాయిదాలోకి స్వీకరించింది.

అయితే కంపైలర్ ఇచ్చేది ప్రోగ్రామరు తన సౌకర్యానికి పెట్టుకున్న పేరు. తప్పులు వెదకడానికి అది చాలును. ప్రజలకు చూపవలసిన పేరు వేరు: ఒకే విలువ ఒకరికి 'ఫ్రైడే'గా, మరొకరికి 'శుక్రవారం'గా కనిపించాలి. అందుకే రస్ట్‌లో పాఠకునికి చూపే రూపాన్ని ప్రోగ్రామరే వ్రాయాలి. అంకె యంత్రానికి చాలును. ఏ మనిషికి ఏ పేరు చూపాలో నిర్ణయించే బాధ్యత మాత్రం మనిషిదే.