భూమియే అయస్కాంతము: విలియం గిల్బర్టు

దిక్సూచి ముల్లు ఉత్తరమునే ఏల చూపును? ధ్రువనక్షత్రము దానిని లాగుచున్నదని పూర్వము కొందరు తలచిరి. వెల్లుల్లి సోకిన అయస్కాంతము శక్తిని కోల్పోవుననియు నమ్మిరి. ఇంగ్లండులోని కోల్చెస్టరున జన్మించిన వైద్యుడు విలియం గిల్బర్టు ఈ మాటలను ప్రయోగముతో పరీక్షించెను. వెల్లుల్లి పూసినను అయస్కాంతము ఇనుమును విడువలేదు.

ఆయన అయస్కాంతశిలను గోళముగా మలచి, దానిపై చిన్న సూదిని పలుచోట్ల ఉంచి చూచెను. అది దిక్సూచివలెనే ధ్రువములవైపు తిరిగెను. ధ్రువమును సమీపించుకొలది క్రిందికి వ్రాలెను. కనుక భూమియే ఒక పెద్ద అయస్కాంతమని 1600లో 'డి మాగ్నెటె' అను గ్రంథమున ప్రకటించెను.

రుద్దిన సీమగుగ్గిలమువలెనే గాజు, గంధకము, లక్క కూడ తేలిక వస్తువులను ఆకర్షించునని, ఈ శక్తి అయస్కాంతశక్తికంటె వేరని ఆయన చూపెను. 1603లో మరణించెను.

భూమి అయస్కాంతత్వమునకు మూలము శిల కాదనియు, భూగర్భమున చలించు ద్రవలోహమనియు తరువాత తేలినది. వెల్లుల్లి ప్రయోగమును మాత్రము బడిలో విద్యార్థులు నేడును చేసి చూడవచ్చును.