మారేడుమిల్లి ఘాట్ రోడ్డు: లోకల్స్ ఎలా వెళ్తారో అలా వెళ్దాం

ఈ ఎపిసోడ్ చాలామంది అడిగిందే. 'అన్నా, మీది గోకవరం కదా, మారేడుమిల్లి ట్రిప్ ప్లాన్ చెప్పు, ఆ పాత వీడియోలో వాగు లొకేషన్ పంపు' అని. ప్లాన్ చెప్తాను. లొకేషన్ మాత్రం పంపను. ఎందుకో మధ్యలో చెప్తా, స్కిప్ చేయకండి.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. పాపికొండలు, మారేడుమిల్లి ఒకే ట్రిప్ అనుకుని వస్తారు చాలామంది. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి పొద్దున బోటు, సాయంత్రం ఘాట్ అని ప్లాన్ రాసుకుంటారు. అలా కుదరదండీ. పాపికొండ నేషనల్ పార్క్ గోదావరికి రెండు వైపులా వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్క్ అయింది. బోటు వెళ్ళేది ఆ కొండల మధ్యలో గోదావరి మీద. మనం కారులో వెళ్ళేది ఆ అడవిని ఆనుకుని ఉన్న ఘాట్ రోడ్డు మీద. రెండింటి మధ్యలో ఉన్నది అడవే, మన కారు వెళ్ళే అడ్డదారి లేదు. బోటుకి గండి పోచమ్మ గుడి వైపు వెళ్ళాలి, దానికే ఒక రోజంతా పోతుంది. ఘాట్‌కి ఇంకో రెండు రోజులు పెట్టుకోండి. ఒక్క రోజులో రెండూ చూపిస్తాం అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే, ఏది సరిగ్గా చూపించరో ముందే అడగండి.

ఇవాళ రోడ్డు గురించే. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. మొత్తం 85 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడినుంచి ఘాట్ ఎక్కి దిగితే చింతూరు, ఇంకా ముందుకెళ్తే భద్రాచలం. హైదరాబాద్ వాళ్ళు భద్రాచలం మీదుగా వచ్చి రాజమండ్రి మీదుగా తిరిగి వెళ్ళొచ్చు, వచ్చిన రోడ్డే మళ్ళీ చూడక్కర్లేదు.

గోకవరం దాటాక కొండలు మొదలవుతాయి. పెట్రోల్ గోకవరంలో కానీ రంపచోడవరంలో కానీ ఫుల్ చేయించండి. క్యాష్ కూడా అక్కడే తీసుకోండి. పైన సిగ్నల్ లేనప్పుడు యూపీఐ స్కానర్ ఉన్నా లేనట్టే. బొంగు చికెన్ తినేసి డబ్బులు కట్టలేక సిగ్నల్ కోసం రోడ్డు మీద ఫోన్ పైకెత్తి తిరిగేవాళ్ళని ప్రతి ఆదివారం చూడొచ్చు.

సిగ్నల్ అంటే గుర్తొచ్చింది, ఇది నా పాత ఉద్యోగం ఏరియా కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు చాలా దూరం ఫోన్‌లో టవర్ ఉండదు. 'అప్పుడు జీపీఎస్ కూడా పోతుంది కదా' అంటారు. పోదు. మీ ఫోన్ లొకేషన్‌ని ఉపగ్రహాల నుంచి నేరుగా తీసుకుంటుంది, దానికి డేటా అక్కర్లేదు. పోయేది మ్యాప్ బొమ్మ. నీలం చుక్క ఉంటుంది, చుట్టూ ఖాళీ బూడిద రంగు ఉంటుంది. అందుకే రాజమండ్రిలో ఉన్నప్పుడే రంపచోడవరం నుంచి చింతూరు దాకా ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంకో మాట, మ్యాప్ చూపించే టైమ్‌ని ఘాట్‌లో నమ్మకండి. ఎదురుగా లారీ వస్తే ఆగాలి, పొగమంచు పడితే నడక స్పీడు, వర్షంలో ఇంకా తక్కువ. చీకటి పడేలోపు ఘాట్ దిగిపోయేలా బయల్దేరండి. ఎన్నింటికి చేరతారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. పైన ఏదైనా అయితే 112 కొట్టాలన్నా ఏదో ఒక కంపెనీ టవర్ అందాలి కదా.

ఇప్పుడు డ్రైవింగ్. ఎక్కడం ఈజీ, దిగడమే అసలు పరీక్ష. మైదానంలో నడిపినట్టు బ్రేకు మీద కాలు పెట్టి దిగుతారు కొత్తవాళ్ళు. బ్రేకు పని ఏంటి? బండి వేగాన్ని రాపిడితో వేడిగా మార్చడం. మలుపు తర్వాత మలుపు, ఆపకుండా తొక్కితే ఆ వేడి చల్లారడానికి టైమ్ దొరకదు. ప్యాడ్ల పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే లోపలి బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందకి పోతుంది. కాలిన వాసన వస్తే అదే వార్నింగ్. వెడల్పు ఉన్న చోట ఆపేసి అరగంట చల్లారనివ్వండి, నీళ్ళు మాత్రం పోయకండి.

మా డ్రైవర్ బాబాయిలు చెప్పే లెక్క సింపుల్: ఏ గేర్‌లో ఎక్కావో అదే గేర్‌లో దిగు. సెకండ్‌లో వేస్తే ఇంజినే బండిని పట్టుకుంటుంది, బ్రేకు అవసరమైనప్పుడే తగిలిస్తే చాలు. ఆటోమేటిక్ కారైతే ఎల్ కానీ మాన్యువల్ మోడ్ కానీ ఎక్కడుందో ఇంటి దగ్గరే చూసుకోండి. న్యూట్రల్‌లో పెట్రోల్ ఆదా చేద్దాం అనే మహానుభావులు దయచేసి బస్సులో రండి. స్కూటీ వాళ్ళకి కూడా ఒక మాట. గేర్ లేని స్కూటర్‌లో వేగం బాగా తగ్గాక ఇంజిన్‌కీ చక్రానికీ లింక్ వదిలేస్తుంది, అంటే మీకు మిగిలేది బ్రేకులే. నా ఫ్రెండ్ ఒకడు అద్దె స్కూటర్ మీద వెనక ఒకణ్ణి ఎక్కించుకుని దిగుతూ సగంలో బ్రేకు పట్టక మట్టి గట్టుకి గుద్ది ఆపాడు. మోచేయి విరిగింది. గట్టు ఎడమ వైపు ఉంది కాబట్టి మోచేయితో పోయింది, ఎడమ వైపు లోయ ఉంటే ఈ మాట నవ్వుతూ చెప్పేవాణ్ణి కాదు. ఇదే ఘాట్‌లో టూరిస్టుల బండ్లు లోయలో పడ్డ వార్తలు మీరూ చూసుంటారు.

ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, మన డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. ప్రతి గుడ్డి మలుపులో హారన్ కొట్టండి. అలాగే రోడ్డు పక్కన కోతులకి చిప్స్ వేయకండి. తిండి దొరుకుతుందని అవి రోడ్డు మీదే కూర్చోవడం అలవాటు చేసుకుంటాయి, బండ్ల కింద పడతాయి.

మారేడుమిల్లిలో బస విషయానికి అటవీశాఖ వాళ్ళ వనవిహారి ఉంది, వాలమూరు దగ్గర పాములేరు ఒడ్డున జంగిల్ స్టార్ ఉంది, ఊళ్ళో ప్రైవేట్ రూములు ఉన్నాయి. 'పుష్ప' షూటింగ్ ఇక్కడ జరిగాక జనం బాగా పెరిగారు, వీకెండ్ రూమ్ ముందే బుక్ చేసుకుని రండి. తిండి అంటే బొంగు చికెన్. వెళ్ళగానే ఆర్డర్ ఇచ్చి తర్వాత తిరగండి. ఎందుకంటే మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వెయ్యరు. బొంగులో ఉన్న పచ్చిదనమే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. పావుగంటలో తెచ్చి పెట్టారంటే అది వేరే గిన్నెలో ఉడికి బొంగులోకి ఎక్కిన చికెన్ అని డౌట్ పడొచ్చు.

గుడిసె గురించి కూడా అడిగారు. కొండ మీద గడ్డి మైదానం, తెల్లవారుజామున మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి, వీడియోలో కనిపించేంత బాగుంటుంది, నిజమే. కానీ పైకెళ్ళే చివరి దారి మీ హ్యాచ్‌బ్యాక్ కోసం వేసింది కాదు. మారేడుమిల్లిలో లోకల్ జీపు మాట్లాడుకోండి. నాలుగు వేలో ఐదు వేలో మిగిలాయని మురిసి ఛాంబర్ పగలగొట్టుకుంటే ఆ రిపేరు బిల్లుతో ఇంకో ట్రిప్ వేయొచ్చు. పైకి ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు దిగాలి అన్నవి మారుతుంటాయి, వెళ్ళే ముందు రోజు అటవీశాఖ వాళ్ళనే అడగండి. ప్లాస్టిక్ తీసుకెళ్ళకండి. గడ్డికి నిప్పు అంటుకుంటే ఆర్పడానికి ఆ కొండ మీద నీళ్ళుండవు, క్యాంప్‌ఫైర్ ఆలోచన మానుకోండి.

సరే, ఇప్పుడు ఆ వాగు.

మూడేళ్ళ కిందట నేనొక రీల్ పెట్టాను. రోడ్డు నుంచి కొంచెం లోపలికి, నున్నటి రాళ్ళ మీద తేటగా జారే వాగు. లొకేషన్ పిన్ కూడా పెట్టాను. అప్పటికి నా ఛానెల్‌కి అదే పెద్ద హిట్. మరుసటి ఏడాది వానాకాలం చివర్లో మళ్ళీ వెళ్తే అక్కడ నాలుగు కార్లు ఉన్నాయి. ఒక ఫ్యామిలీ, ఐదారేళ్ళ పిల్ల, నేను కూర్చుని ఫోటో దిగిన రాయి మీదే కూర్చుని ఉంది. పక్కన పగిలిన బీరు సీసాలు. పైన ఎండ కాస్తోంది. పశువులు తోలుకెళ్తున్న ఒక కొండరెడ్డి తాత ఆగి, అందరినీ లేచిపొమ్మని కేకలేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. నేనే అడిగా, ఏమైంది తాతా అని. 'పై కొండ మీద నల్లగా ఉంది, కనబడట్లేదా' అన్నాడు. నాకు కనబడలేదు, నేను వాగు వైపు చూస్తున్నా. ఆ పిల్ల వాళ్ళ నాన్నని బతిమాలి లేపాం. ఇరవై నిమిషాలు పట్టిందేమో, ఆ రాయి నీళ్ళ కింద ఉంది. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి.

ఆ రాత్రే వీడియో డిలీట్ చేశాను. కానీ దాన్ని డౌన్‌లోడ్ చేసి వేరేవాళ్ళు పెట్టినవి ఇప్పటికీ తిరుగుతున్నాయి, నేను తీసేయలేను. అందుకే లొకేషన్ అడిగితే పంపను.

ఇది ఎలా జరుగుతుందో అర్థం చేసుకోండి. ఈ కొండలు నిటారుగా ఉంటాయి. ఎక్కడో పైన గంట సేపు కురిసిన వాన అన్ని చిన్న పాయల్లోంచి దిగి ఒకే వాగులోకి వస్తుంది. మనమున్న చోట చినుకు కూడా పడక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో జలతరంగిణి జలపాతం దగ్గర అలా ఒక్కసారిగా వచ్చిన నీళ్ళలో ముగ్గురు మెడికల్ స్టూడెంట్స్ చనిపోయారు. మనలాగే ఫ్రెండ్స్‌తో ట్రిప్‌కి వచ్చినవాళ్ళు.

తాత నాకు చెప్పిన గుర్తులు ఇవి. తేట నీళ్ళు మెల్లగా రంగు మారుతున్నాయా? ఆకులు, పుల్లలు ఎక్కువ కొట్టుకొస్తున్నాయా? వాగు చప్పుడు పెరిగిందా? ఇందులో ఏ ఒక్కటి కనిపించినా చెప్పులు, బ్యాగులు వెతుక్కోకుండా ఎత్తుకి ఎక్కేయాలి. అవతలి ఒడ్డుకి దాటే ప్రయత్నం చేయకూడదు, మీరున్న ఒడ్డునే పైకి వెళ్ళాలి. తేటగా ఉన్నప్పుడు కూడా పాములేరులో, సోకులేరులో ఈత వద్దు. పైకి మోకాలి లోతు కనిపిస్తుంది, పక్కనే ఇసుక కోసుకుపోయిన గుంట ఉంటుంది. నాచు పట్టిన రాయి మీద జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మా వైపు పిల్లలు ఈదుతున్నారు కదా అంటారు, వాళ్ళకి ఏ గుంట ఎక్కడుందో తెలుసు. సేఫ్‌గా చూడాలంటే సోకులేరు వ్యూ పాయింట్ నుంచి చూడండి, పై నుంచే బాగుంటుంది కూడా.

బోటుకి వెళ్ళేవాళ్ళకి కూడా ఒక్క మాట. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు 77 మంది ఎక్కితే 26 మందే బయటపడ్డారు. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. వరద ఉందని బోట్లు ఆపితే, ట్రిప్ పోయిందని గొడవ పడకండి. లైఫ్ జాకెట్ ఫోటో కోసం కూడా విప్పకండి.

ఎప్పుడు రావాలి అంటే, నా ఓటు నవంబర్ నుంచి జనవరి. పొద్దున మంచు, పగలు ఎండ, వాగులు కొంచెం శాంతంగా ఉంటాయి. ఆగస్టులో పచ్చదనం ఇంకా బాగుంటుంది, కానీ భారీ వర్షాలప్పుడు రాత్రిపూట ఘాట్ మూసేస్తుంటారు, కొండచరియలు పడతాయి. దోమల మందు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది. ట్రిప్ నుంచి వచ్చాక చలి జ్వరం వస్తే, డాక్టర్‌కి 'ఏజెన్సీకి వెళ్ళొచ్చాను' అని మీరే చెప్పండి. లేకపోతే మామూలు వైరల్ అనుకుని టాబ్లెట్ ఇచ్చి పంపేస్తారు.

ఇంకొకటి, ఊళ్ళ గురించి. ఇక్కడ కొండరెడ్లు, కోయలు ఉంటారు. ఇళ్ళ ముందుకెళ్ళి అడక్కుండా కెమెరా పెట్టకండి. మీ ఇంటి గుమ్మం ముందు ఎవరో డ్రోన్ ఎగరేస్తే మీరేం చేస్తారు? అడిగితే చాలాసార్లు నవ్వుతూ ఒప్పుకుంటారు, వద్దంటే వద్దనే. దారిలో తేనె, చింతపండు, కొండ చీపుర్లు అమ్ముతుంటారు, బేరం ఆడకుండా కొనండి. 'అన్నా ఇక్కడ ప్లాట్ కొనొచ్చా' అని ప్రతి లైవ్‌లో ఒకరు అడుగుతారు. గిరిజనులు కానివాళ్ళు కొనడానికి లేదండీ, 1/70 చట్టం ఉంది, 1970 నుంచి. 1922లో అల్లూరి సీతారామరాజు గారు ఈ మన్యంలో పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసింది కూడా ఇక్కడి అడవి, ఇక్కడి మనుషుల బతుకు గురించే. ఆ కథ ఒక పూర్తి ఎపిసోడ్ అవుతుంది, రాజవొమ్మంగి వెళ్ళి షూట్ చేద్దామని చూస్తున్నా.

ఈ వారం వెళ్తున్నవాళ్ళుంటే ఎక్కడినుంచి, ఏ బండి మీద అన్నది కామెంట్‌లో పెట్టండి, రోడ్డు ఎలా ఉందో మా ఊళ్ళో డ్రైవర్లని అడిగి రిప్లై ఇస్తాను. ఆ పాత వాగు వీడియో ఎక్కడైనా మళ్ళీ కనిపిస్తే లింక్ నాకు పంపండి, తీసేయమని వాళ్ళకి నేనే మెసేజ్ పెడతాను.