వంటింటి మైక్రోవేవ్: భయపడాల్సింది దేనికి?

1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు రాడార్ కోసం తయారుచేసిన మాగ్నెట్రాన్ గొట్టమే నేటి మైక్రోవేవ్ ఓవెన్‌కు గుండెకాయ. దానితో వంట చేయవచ్చని 1945లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినవాడు అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్. 1947లో అమ్మకానికి వచ్చిన ఓవెన్ నిలువెత్తు బీరువాలా ఉండేది, బరువు దాదాపు 340 కిలోలు. 1967 నాటికి వంటగట్టు మీద ఇమిడే సైజుకు వచ్చింది. దాంతోపాటే భయమూ ఇంట్లోకొచ్చింది. ‘రేడియేషన్’ అన్న మాట వినగానే ఎక్స్‌రేనూ మైక్రోవేవ్‌నూ ఒకే గాటన కట్టేశాం. కానీ రెంటికీ పోలిక లేదు.

ఓవెన్ తరంగాల్లో ఒక్కో ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు లక్షో వంతు. డీఎన్‌ఏలో రసాయన బంధం తెగాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మన ఒంటి వేడికి కణాల్లోని అణువులు నిత్యం పడే కుదుపే ఆ ఫోటాన్ కన్నా రెండు వేల రెట్లకు పైగా బలమైనది. మరి కోట్ల ఫోటాన్లు ఒకేసారి వచ్చి పడితే? అవన్నీ కలిసి నీటి అణువులను ఊపి వేడి పుట్టిస్తాయి, అంతే. ఆ వేడిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. కంటి కటకంలో రక్తనాళాలు లేవు కనుక వేడి త్వరగా దిగదు. తీవ్రమైన మైక్రోవేవ్‌లు సోకిన కుందేళ్లకు శుక్లాలు వచ్చాయి.

మైక్రోవేవ్‌లు వేడి పుట్టించడం తప్ప మరేమీ చేయవన్న మాటకు ఎదురు సాక్ష్యం లేకపోలేదు. 1995లో లాయ్, సింగ్ అనే పరిశోధకులు ఎలుకల మెదడు కణాల్లో డీఎన్‌ఏ పోగులు తెగాయని ప్రకటించారు. 1998లో సెయింట్ లూయిస్‌లో మరో బృందం పరీక్షిస్తే అది కనబడలేదు. మళ్లీ చేస్తే నిలవని ఫలితం మీద తీర్పు కట్టలేం. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న వర్గంలో చేర్చిన మాటా నిజమే. అందుకు ప్రధాన ఆధారం సెల్‌ఫోన్ వాడకంపై జరిగిన అధ్యయనాలు, అవీ పరిమితమైనవేనని ఆ సంస్థే చెప్పింది.

ఓవెన్ తలుపు అద్దంలోని జల్లెడను దగ్గరగా చూడండి. ఆ చిల్లులు మిల్లీమీటరు సైజువి. తరంగం పొడవు 12 సెంటీమీటర్లు. అందుకే వెలుగు బయటికొస్తుంది, తరంగం ఆగిపోతుంది. తలుపు తెరిస్తే మాగ్నెట్రాన్ ఆగుతుంది, దీపం ఆర్పితే వెలుగు పోయినట్టు తరంగాలూ పోతాయి, కూరలో ఏమీ మిగలదు. కానీ తలుపు వంగినా, సరిగా మూతపడకపోయినా బాగుచేయించేదాకా ఆ ఓవెన్ వాడకండి. గ్లాసులో కాచిన నీళ్లు కదిలించగానే ఒక్కసారి ఎగజిమ్మవచ్చు, కాసేపు ఆగి తీయండి.