మందు పంపు కొనబోయే ముందు

కామాటిపురాలో ఏ చాల్ గ్యాలరీలోకి తొంగి చూచినా ఒక తులసి కుండీ, దాని పక్కన కరివేపాకు మొక్క, పాత నూనె డబ్బాలో నాలుగు గోంగూర మొక్కలు కనిపిస్తాయి. మొక్కలున్న చోట పేనుబంక, పిండినల్లి తప్పవు. మనుషులున్న చోట నల్లులు, దోమలు, బొద్దింకలు తప్పవు. అందుచేత మందు చల్లే పంపు మన ఇళ్ళలో చీపురువలె అవసర వస్తువైపోయింది. కాని కొన్న పంపు రెండు వానకాలాలు గడవకుండానే అటకెక్కుతున్నది. బియ్యం డబ్బా, పరుపు, పసిపిల్ల ఉయ్యాల, పొయ్యి అన్నీ ఒకే ఖోలీలో సర్దుకునే మనకు ఇది డబ్బు నష్టం మాత్రమే కాదు. కారే పంపు అంటే ఇంట్లో విషం కారుతున్నదని అర్థం.

మన పేట నేలే పల్లం. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగిన తరువాత, ఆరిన నేలల్లో తెలుగు దేశం నుండి వచ్చిన కూలీలు, మేస్త్రీలు ఆ శతాబ్దం చివరి నుండి నివాసాలు ఏర్పరచుకున్నారు. వారిని కామాటీలనేవారు గనుకనే ఈ పేటకా పేరు. దోమ ద్వారా మలేరియా వస్తుందన్న రహస్యానికి తాళంచెవి దొరికింది కూడా మనవారి సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూచాడు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనాక ఇళ్ళ గోడలకు పంపులతో డి.డి.టి. కొట్టడం దేశమంతటా జరిగింది. ఆ మందును 1989లో మన దేశం సేద్యంలో నిషేధించింది. ఆనాటి రేకు పంపులూ తుప్పుపట్టి పోయినవి. అయినా పాత మందు పేరు పట్టుకుని, ఏది చల్లినా ‘ఫ్లిట్ కొట్టడం’ అనే పెద్దలు ఇంకా ఉన్నారు.

ఎంత పంపు కావాలి?

పది కుండీల గ్యాలరీకి ఒకటి రెండు లీటర్ల చేతిపంపు చాలు. మేడమీద కుండీలన్నిటినీ ఒకరే చూచుకునే చోట భుజానికి తగిలించుకునే అయిదు లీటర్లది తీసుకోవచ్చు. వీపున మోసే పదహారు లీటర్ల పంపు పొలానికి తగినది. నీళ్ళ బరువే పదహారు కిలోలు! చాల్ మెట్లమీద అది పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే.

ఈ పంపులో పని చేసేది గాలి. పిడిని పైకీ కిందికీ ఆడిస్తే డబ్బాలో గాలి బిగుసుకుని, మందును గొట్టంలోకి నెట్టుతుంది. అందుకని డబ్బాను నిండా నింపరాదు. పైన నాలుగో వంతైనా ఖాళీ ఉండాలి. గాలి నిలవాలంటే వాషరు బాగుండాలి. మందు సన్నగా పడాలంటే ముక్కు బాగుండాలి. పంపు ఆయుష్షంతా ఈ రెంటిలోనే ఉన్నది. డబ్బా రంగు చూచి మురిసిపోతే లాభం లేదు.

కాబట్టి కొట్లో మూడు సంగతులు చూడాలి. ముక్కు ఇత్తడిదా, చేత్తో విప్పి కడగడానికి వీలుందా? బిగిసిన గాలిని వదలడానికి మీట ఉన్నదా? వాషర్లు, గొట్టం విడిగా అమ్ముతారా? మలాడులోని ఏస్పీ వంటి పేరున్న కంపెనీ సరుకైనా సరే, ఈ మూడో ప్రశ్న అడగనిదే డబ్బు చెల్లించవద్దు. ఆ తరువాత మంచినీళ్ళు పోయించి, గాలి కొట్టి, పది నిమిషాలు పక్కన పెట్టించండి. అతుకుల దగ్గర చెమ్మ కనిపించినా, మీట వదిలాక ముక్కునుండి బొట్టు కారినా ఆ పంపు వద్దు. విసుక్కునే కొట్టువాడుంటే పక్క కొట్టుకు వెళ్ళవచ్చు. నాగ్దేవి వీధిలో కొట్లకు కరువా?

ఒక పంపుతో రెండు పనులు వద్దు

మేము అన్నిటికన్న గట్టిగా చెప్పదలచినది ఇది. నల్లుల మందు కొట్టిన పంపుతో గోంగూరమీద చల్లరాదు. ఎంత కడిగినా గొట్టంలో, వాషరులో మందు అంటుకునే ఉంటుంది. ఆ ఆకే రేపు పచ్చడై పిల్లల కంచంలోకి వస్తుంది. మొక్కలకొకటి, మందుకొకటి ఉండాలి. రెండోదానికి ఎర్రరంగు పట్టీ వేసి, పిల్లలకందని చోట పెట్టాలి. రెండు కొనే స్తోమత లేకపోతే అంతస్తువారందరూ కలిసి మందు పంపు ఒకటి కొనుక్కోవచ్చు.

మొక్కల పంపులో లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, దానిని నీటిలో కలిపేందుకు కొద్దిగా సబ్బునీళ్ళు చాలు. సాయంత్రం పూట ఆకుల అడుగున పడేట్టు చల్లాలి. కోసిన ఆకును మంచినీళ్ళతో కడిగి వండుకోవాలి.

నల్లులకు కిరోసిన్ చల్లే పాత అలవాటు మానాలి. ఒక్క గదిలో పొయ్యి ఉండగా అది నిప్పుతో చెలగాటం, పైగా రబ్బరు వాషరు ఉబ్బి పాడవుతుంది. మంచాన్ని బయటికి తెచ్చి సందుసందునా మరిగే నీళ్ళు పోయడం మేలు. ఇక దోమ గుడ్డునుండి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి డ్రమ్ము, కుండీ కింది పళ్ళెం ఒలకబోసి తోమితే పంపు పని సగం తగ్గుతుంది.

వాడిన ప్రతిసారీ గాలి వదిలి, మూడుసార్లు కడిగి, బోర్లించి నీడలో ఆరబెట్టండి. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ముక్కు మూసుకుపోతే నోటితో ఊదవద్దు, సూదితో పొడవవద్దు. మెత్తని బ్రష్షుతో రుద్దితే చాలు. పోసే నీటిని గుడ్డతో వడకడితే ఆ బాధే ఉండదు.

మన సోదరీమణులలో ఇంతకన్న మంచి ఉపాయాలు తెలిసినవారు చాలామంది ఉంటారు. వ్రాసి పంపితే అందరికీ ఉపయోగపడుతుంది.