అక్కకి ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది.. అమ్మ బీరువా తెరిచింది

ఉదయం ఆరున్నరకి వాట్సాప్ కాల్. కాలిఫోర్నియాలో అప్పటికి ముందురోజు సాయంత్రం. ‘‘ఒరేయ్, ఆర్‌ఎఫ్‌ఈ వచ్చిందిరా’’ అంది అక్క. ఆ తర్వాత కాసేపు ఇద్దరికీ మాట రాలేదు.

పటమటలోని మా ఇంట్లో ఆ మాట అర్థమైంది నాకొక్కడికే. అమ్మకి మాత్రం ‘అమెరికా వాళ్లు ఇంకొన్ని కాగితాలు అడిగారు’ అని చెప్పా. అంతే, బీరువా తెరిచింది. టెన్త్ మార్కుల లిస్టు, ఎంసెట్ ర్యాంకు కార్డు, కాలేజీలో షీల్డు తీసుకున్న ఫొటో, లామినేషన్ చేయించిన మెరిట్ సర్టిఫికెట్లు.. అన్నీ మంచం మీద పరిచింది. ‘‘ఇవన్నీ స్కాన్ చేసి పంపు. ఇన్ని చూశాక కూడా కాదంటారా?’’ అంది.

నవ్వొచ్చింది. కానీ ఆ రాత్రి అక్క పంపిన పాత పిటిషన్ పీడీఎఫ్ తెరిచి చూశాక నవ్వు ఆగిపోయింది. నాలుగు వందల పైచిలుకు పేజీలు. అక్క చేసింది కూడా అమ్మ చేసిందే. ఉన్నవన్నీ మంచం మీద పరిచింది!

ఆర్‌ఎఫ్‌ఈ అంటే రిజెక్ట్ కాదు

ముందు అసలు విషయం. ఆర్‌ఎఫ్‌ఈ అంటే ‘రిక్వెస్ట్ ఫర్ ఎవిడెన్స్’. మీరు పెట్టిన ఆధారాలు నిర్ణయానికి సరిపోలేదు, ఫలానా విషయం చూపించండి అని ఇమిగ్రేషన్ అధికారి రాసే ఉత్తరం. తిరస్కరణ కాదు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. జవాబుకి ఎక్కువలో ఎక్కువ 84 రోజులు ఇస్తారు, పోస్టులో వస్తే ఇంకో 3 రోజులు కలుస్తాయి. ఆ గడువు పొడిగించరు. జవాబు కూడా ఒక్కసారే పంపాలి. ఇవాళ కొన్ని, వచ్చే వారం కొన్ని అంటే కుదరదు. అసలు జవాబే ఇవ్వకపోతే కేసు వదిలేసుకున్నట్టు లెక్కేసి తిరస్కరించొచ్చు.

అక్క వేసింది ఈబీ-2లో ‘నేషనల్ ఇంటరెస్ట్ వేవర్’ పిటిషన్. మామూలుగా ఈ గ్రీన్‌కార్డు దారిలో ఓ కంపెనీ ఉద్యోగం ఇవ్వాలి, ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదని లేబర్ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. ‘నా పని దేశానికి అవసరం, ఆ షరతు నాకు మినహాయించండి’ అని పరిశోధకులు సొంతంగా అడగడమే ఈ వేవర్.

మా ఇంట్లో కంగారుకి కారణం హెచ్-1బీ. దానికి ఆరేళ్ల పరిమితి. అక్క పిటిషన్ వేసేటప్పటికే ఆ ఆరేళ్లలో పది నెలలు కూడా మిగల్లేదు. ఐ-140 ఆమోదం వస్తే, గ్రీన్‌కార్డు వంతు రాకపోయినా హెచ్-1బీని మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. రాకపోతే ల్యాబ్, ఇల్లు, పాప స్కూలు అన్నీ వదిలేసి రావాలి. బావ కూడా అక్క వీసా మీద డిపెండెంటే.

నాగాయలంక నుంచి సలీనాస్ దాకా

అక్క పని ఉప్పు నీటి మీద. మా తాతయ్యది దివిసీమలో నాగాయలంక దగ్గర ఊరు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే బోరింగు నీళ్లు నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్లం. సముద్రం పక్కన భూమి లోపలి మంచినీటిని తోడేస్తే, ఆ ఖాళీలోకి ఉప్పు నీరు జరుగుతుంది. అది ఎంత దూరం, ఎంత వేగంగా వస్తుందో లెక్కగట్టే మోడల్, దానికో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ అక్క తయారుచేసింది.

పిటిషన్‌లో అక్క దీని గురించి మనసు పెట్టి రాసింది. తాతయ్య పొలం, కృష్ణా డెల్టా రైతు, తాగునీటి కష్టం అన్నీ ఉన్నాయి. చదివితే నాకే కళ్లు చెమర్చాయి. కానీ అధికారి అడిగింది ఒక్కటే: పని మంచిదే, దీనివల్ల అమెరికాకి ఏంటి?

కోపం వచ్చింది. రెండోసారి చదివాక తగ్గింది. అడగాల్సిన ప్రశ్నే అది.

2016 డిసెంబరులో వచ్చిన ‘మ్యాటర్ ఆఫ్ ధనసార్’ అనే తీర్పు ఈ వేవర్ కేసులకి కొలబద్ద. అది మూడు విషయాలు చూడమంటుంది. చేయబోయే పనికి విలువ, జాతీయ ప్రాధాన్యం ఉన్నాయా? దాన్ని ముందుకి తీసుకెళ్లే స్థితిలో ఈ మనిషి ఉన్నారా? మొత్తమ్మీద ఉద్యోగం, లేబర్ సర్టిఫికేషన్ షరతులు మినహాయిస్తే దేశానికి మేలా?

ఆ తీర్పులోని వ్యక్తి హైపర్‌సోనిక్ ప్రొపల్షన్ మీద పనిచేసిన ఇంజినీరు. ఆయన పిటిషన్ ముందు తిరస్కరణకు గురైంది, అప్పీల్లో గెలిచింది. ఆయన పరిశోధనకి జాతీయ ప్రాధాన్యం ఉందన్నారు, పాఠాలు చెప్పడానికి మాత్రం అది రుజువు కాలేదన్నారు. మనిషి ఒకరే, డిగ్రీలు అవే. పరిశోధన ప్రాజెక్టులకి నాసా, అమెరికా వైమానిక దళ పరిశోధన సంస్థ డబ్బులు పెట్టాయన్న ఆధారం ఉంది. అంటే అక్కడ తూచేది మనిషి గొప్పతనాన్ని ఒక్కదాన్నే కాదు, ఆ పని ఎక్కడిదాకా చేరుతుందన్నది కూడా.

అక్కకి ఫోన్ చేసి, ‘‘నీ ఉప్పు నీళ్లు అమెరికాలో ఎక్కడున్నాయే?’’ అని అడిగా. పది నిమిషాలు ఆగకుండా చెప్పింది. కాలిఫోర్నియా సలీనాస్ లోయలో కూరగాయల పొలాల కింద దశాబ్దాలుగా సముద్రపు నీరు లోపలికి వస్తోంది. మయామీకి తాగునీరిచ్చే బిస్కేన్ భూగర్భ జలాలదీ అదే కథ. 2023లో మిసిసిపీ నదిలో నీరు తగ్గి, ఉప్పు నీరు ఎగువకి ఎగబాకితే న్యూ ఓర్లీన్స్ తాగునీటికే ముప్పొచ్చింది. నది అడుగున మట్టికట్ట ఎత్తు పెంచాల్సి వచ్చింది.

‘‘ఇదంతా పిటిషన్‌లో ఎందుకు లేదే?’’

‘‘అందరికీ తెలిసిందే కదా అనుకున్నారా..’’

ఉత్తరాల మీద ‘డిఫ్’ కొట్టా

రెండో ప్రశ్న ఇంకా ఇబ్బందిది. ‘మీ సిఫార్సు ఉత్తరాలు పొగుడుతున్నాయి కానీ, మీ పని ఎవరికి ఎలా ఉపయోగపడిందో చెప్పడం లేదు.’

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. రెండు ఫైళ్ల మధ్య తేడా చూపించే ‘డిఫ్’ అనే కమాండ్ మాకు రోజూ వాడే పనిముట్టు. ఏడు ఉత్తరాలనీ టెక్స్ట్‌లోకి మార్చి పోల్చి చూశా. నాలుగింటిలో ఒకే వాక్యాలు! ‘ఈ రంగంలో అగ్రశ్రేణిలో నిలిచిన’ అనే మాట అచ్చుతప్పుతో సహా నాలుగు చోట్ల. బిజీగా ఉన్న ప్రొఫెసర్లకి ఇబ్బంది ఎందుకని అక్కే ఓ డ్రాఫ్ట్ పంపింది. వాళ్లు సంతకం పెట్టారు. పైగా ఏడుగురిలో ఐదుగురు గైడో, కలిసి పేపరు రాసినవాళ్లో.

ఈ విషయం చెప్పడానికి నాకు ఒక రోజంతా పట్టింది. చెప్పాక అక్క ఒక్కటే అంది: ‘‘అంటే నా మాట నేనే నాలుగుసార్లు చెప్పుకున్నానన్నమాట.’’

అక్కడి నుంచి పని పంచుకున్నాం. లాయర్ చట్టం చూసుకుంటే, నేను డేటా పట్టుకున్నా. అక్క పేపర్లకి 182 సైటేషన్లు. అందులో సొంత సైటేషన్లు తీసేశా. మిగతావాటిని రెండుగా విడగొట్టా. ఊరికే పేరు చెప్పి వెళ్లిపోయినవి ఒక షీటులో, అక్క పద్ధతిని నిజంగా వాడినవి ఇంకో షీటులో. రెండో షీటులో మిగిలినవి 23. సంఖ్య చూసి అక్క డల్ అయింది. లాయర్ మాత్రం, ‘నూట ఎనభై చూపిస్తే అది ఓ అంకె. ఈ ఇరవై మూడూ మనుషులు’ అన్నారు.

తర్వాత గిట్‌హబ్. అక్క ప్రోగ్రామ్ పేజీలో రెండేళ్ల కిందట ఒకాయన పెట్టిన బగ్ రిపోర్టు కనిపించింది. ‘మా తీరప్రాంత నీటి సంస్థలో ఇది వాడుతున్నాం, ఫలానా దగ్గర ఆగిపోతోంది’ అని. అక్క అప్పుడే దాన్ని సరిచేసి, మరిచిపోయింది కూడా. ఆ సంస్థ వెబ్‌సైటులో రిపోర్టులు ఒక్కొక్కటే తిరగేశా. రాత్రి రెండుంపావుకి, ఓ రిపోర్టు 64వ పేజీ కింద ఫుట్‌నోట్‌లో అక్క ప్రోగ్రామ్ పేరు! కొత్త బోర్లు ఎక్కడ వేయాలో తేల్చిన లెక్క దాంతోనే చేశారు.

వెంటనే తేదీ చూశా. పిటిషన్ వేయడానికి ఐదు నెలల ముందుది. ఊపిరి పీల్చుకున్నా. ఎందుకంటే, అర్హత పిటిషన్ వేసిన తేదీ నాటికే ఉండాలి. ఆ తర్వాత వచ్చిన అవార్డు, కొత్త పేపరు లోటు పూడ్చవు. ఆ మధ్యే ఓ మంచి జర్నల్‌లో అక్క పేపరు అచ్చయింది. దాని మీద పెట్టుకున్న ఆశ వదులుకోవాల్సి వచ్చింది.

ఆ నీటి సంస్థ ఇంజినీరుకి అక్క మెయిల్ రాసింది. డ్రాఫ్ట్ పంపలేదు. ‘మీరు ఎలా వాడారో మీ మాటల్లో రాయగలరా’ అని మాత్రమే అడిగింది. పేజీన్నర ఉత్తరం వచ్చింది. పొగడ్త ఒక్కటీ లేదు. ఏ బోరు, ఎంత లోతు, ఏం మార్చారు అని రాశారు. మొత్తం ఫైల్లో అంత బలమైన కాగితం ఇంకోటి లేదు.

పక్క డెల్టా శాస్త్రవేత్త

ఆ రాత్రుళ్లలోనే యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి చదివా. కొల్లేరు దాటితే వచ్చే భీమవరంలో 1895లో పుట్టారు. 1923లో బోస్టన్ చేరారు. ఒంట్లోని ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి కనిపెట్టారు, నేటికీ అది వాళ్లిద్దరి పేరుతోనే ఉంది. తర్వాత లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపించారు.

ఆయన అక్కడ అడుగుపెట్టిన ఆ 1923లోనే, భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎంత ఆధారం చూపినా ప్రయోజనం లేదు, అడ్డం జాతి. 1946లో చట్టం మారింది, అదీ ఏడాదికి వంద మంది కోటాతో. రెండేళ్లకే, 1948లో ఆయన కన్నుమూశారు.

‘ఆధారం చూపించు’ అనే ఉత్తరం మా ఇంట్లో అందరికీ అవమానంలా అనిపించింది. ఇది చదివాక నాకు అలా అనిపించలేదు. ప్రశ్న అడిగారంటే, జవాబుకి చోటుందన్నమాట.

మీకూ వస్తే..

మా జూనియర్లు, ఫ్రెండ్స్ ఇప్పుడు నన్నే అడుగుతున్నారు. నేను లాయర్ని కాదు, నిర్ణయాలు లాయర్‌తోనే తీసుకోండి. నేను చూసింది మాత్రం చెబుతా.

ఉత్తరాన్ని ముందు ప్రశ్నలుగా విడగొట్టండి. మాకు ఐదు వచ్చాయి. జవాబులో ఐదు శీర్షికలు పెట్టాం, ఒక్కోదాని కింద ఏ ఆధారం ఏ పేజీలో ఉందో రాశాం. అడగనిదానికి కాగితం పెట్టలేదు. నాలుగు వందల పేజీల ఫైలు పోయి, నూట పది పేజీల జవాబు తయారైంది.

రుజువు స్థాయికి భయపడొద్దు. క్రిమినల్ కేసులా సందేహానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు. ‘అబద్ధం కన్నా నిజం అయ్యే అవకాశమే ఎక్కువ’ అని చూపితే చాలు.

ఈబీ-1ఏ వేసినవాళ్లకి లెక్క వేరు. అక్కడ పది ప్రమాణాల్లో కనీసం మూడు చూపాలి. అవి దాటాక మొత్తం కలిపి మళ్లీ తూస్తారు. ఈ రెండంచెల పద్ధతి 2010 నాటి కజారియన్ కేసు నుంచి వచ్చింది. చట్టంలో లేని షరతులు అధికారులు కొత్తగా కలపకూడదని కోర్టు అంది. అయినా మూడు ప్రమాణాలు అందక ఆ భౌతిక శాస్త్రవేత్త ఓడిపోయారు.

తెలుగు పేపర్ కటింగ్‌లు పెట్టాలంటే పూర్తి ఇంగ్లిష్ అనువాదం ఉండాలి. ‘నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తిగా, సరిగ్గా ఉంది’ అని అనువాదకులు సంతకం చేయాలి. మాది నేను చేద్దామనుకున్నా. ఇంట్లోవాళ్లు వద్దని లాయర్ అంటే, తెలిసిన ఇంగ్లిష్ లెక్చరర్ గారు చేసిపెట్టారు.

చివరగా..

79వ రోజున జవాబు వెళ్లింది. ప్రీమియం ప్రాసెసింగ్ కాబట్టి, జవాబు అందిన దగ్గర్నుంచి మళ్లీ 45 పనిదినాల లెక్క మొదలైంది. అమ్మ ఇంద్రకీలాద్రికి మొక్కుకుంది. నేను రోజుకి పదిసార్లు కేస్ స్టేటస్ పేజీ రిఫ్రెష్ చేశా. ఇద్దరిదీ ఒకటే పనిలెండి!

ఓ గురువారం తెల్లవారుజామున మెసేజ్: ‘అప్రూవ్డ్’. అమ్మకి చెబితే, ‘‘గ్రీన్‌కార్డు వచ్చేసినట్టేనా?’’ అంది. లేదు. ఏ దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వరు కాబట్టి, ఈబీ-2లో మనవాళ్ల క్యూ పదేళ్లు దాటింది. అక్క ఆ క్యూలో నిలబడింది, అంతే. కానీ వీసా పొడిగింది, ల్యాబ్ ఉంది, పాప స్కూలు మారలేదు.

అమ్మ సర్టిఫికెట్లన్నీ మళ్లీ బీరువాలో సర్దేసింది. అవి మా ఇంటి ఆస్తి, అక్కడే ఉండాలి. నేను మాత్రం నా ల్యాప్‌టాప్‌లో కొత్త ఫోల్డర్ ఒకటి తెరిచా. నేను రాసిన కోడ్‌ని ఎవరైనా వాడినట్టు మెయిల్ వస్తే, తేదీతో సహా అందులో దాస్తున్నా. దాని పేరు ‘ఎవరు వాడారు’. ప్రస్తుతానికి అందులో రెండే ఫైళ్లున్నాయి.