కొద్ది మంచే కదా అనుకోవద్దు

మే నెలలో 45 డిగ్రీలు దాటే మన చంద్రపూర్‌లో మంచుచరియల గురించి ఎందుకని మీరు నవ్వొచ్చు. కానీ 2018 మేలో ఎవరెస్ట్ ఎక్కిన ఐదుగురు గిరిజన విద్యార్థులు మన జిల్లా ఆశ్రమ పాఠశాలల వాళ్లే. వాళ్లలో మనీషా ధుర్వే అనే అమ్మాయి కూడా ఉంది. ఇప్పుడు మన క్లాసులోనూ డిసెంబరు సెలవులకి హిమాలయాల ట్రెక్ మాటలు వినిపిస్తున్నాయి. "చలికాలం మొదట్లో మంచు తక్కువ, భయం లేదు" అనే మాట కూడా. అది నిజం కాదు.

ముందు మాట సంగతి. మా ఇంట్లో అమ్మది మరాఠీ, నాన్నది తెలుగు. అమ్మకి పొగమంచు 'ధుకే', గడ్డి మీద తడి 'దవ్', కొండ మీద కురిసేది 'బర్ఫ్'. నాన్నకి మూడూ మంచే! పేపర్లో 'హిమపాతం' అని వస్తే మంచు కురిసిందో, కొండ మీంచి విరిగిపడిందో వార్తంతా చదివితేగానీ తెలీదు. విరిగిపడేదాన్ని నేను మంచుచరియ అంటున్నాను.

కొండ మీద మంచు పొరలు పొరలుగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో పడే మొదటి పొర పల్చన. దాని అడుగున నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైన రాత్రి గాలి అంతకన్నా చాలా చల్లన. ఆ తేడా వల్ల అడుగు నుంచి ఆవిరి పైకి లేచి, మంచును ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మార్చేస్తుంది. చేత్తో తీస్తే పంచదారలా జారిపోతుంది. తర్వాత కురిసిన మంచును గాలి నొక్కి, దాని మీద గట్టి పలకలా పేరుస్తుంది. పళ్లెంలో పంచదార పోసి, మీద పలక పెట్టి వంచి చూడండి, అర్థమవుతుంది. పైపొర పల్చనైతే మన బరువు అడుగుదాకా ఇంకా తేలిగ్గా చేరుతుంది. అందుకే చాలాసార్లు చరియను కదిలించేది అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్ల తోటివాళ్లో అవుతారు.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర, నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందం మీద చరియ విరిగిపడింది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరు దొరకలేదు. చనిపోయినవాళ్లలో శిక్షకురాలు సవితా కన్స్‌వాల్ ఉన్నారు. అదే ఏడాది మేలో ఆమె ఎవరెస్ట్, మకాలూ రెండూ ఎక్కారు. అంత అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగింది.

కాబట్టి వెళ్లేవాళ్లు కొన్ని గుర్తుపెట్టుకోండి. 30 నుంచి 45 డిగ్రీల వాలులే ఎక్కువ ప్రమాదం. కొత్త మంచు పడ్డాక, గట్టి గాలి వీచాక ఆగాలి. కాలు వేస్తే 'ధబ్' మని లోపల కుంగిన చప్పుడు వచ్చినా, పగుళ్లు పాకినా వెనక్కి రావాలి. ప్రమాదపు వాలును ఒక్కొక్కరుగానే దాటాలి. మంచులో కూరుకుపోతే పావుగంట దాటాక బతికే అవకాశం బాగా పడిపోతుంది, కింద నుంచి సాయం వచ్చేదాకా ఆగలేం. పక్కనున్నవాళ్లే తవ్వి తీయాలి.

డబ్బు కట్టేముందు ట్రెక్ వాళ్లని రెండు ప్రశ్నలు అడగండి: మంచుచరియల హెచ్చరికలు రోజూ చూస్తారా? పరిస్థితి బాగోలేకపోతే వెనక్కి తిప్పుతారా? జవాబు తడబడితే ఆ ట్రెక్ మానేద్దాం. కొండ ఎక్కడికీ పోదు.