బండిని బట్టి ఆట

పలాస ప్యాసింజర్‌లో లూడో, టెక్కలి బస్సులో బొటనవేలి పరుగు, ఉద్దానం ఆటోలో ఏ ఆటా లేదు. రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు ఫోన్లో ఏం ఆడాలో చాలావరకు వాళ్లెక్కిన బండే తేలుస్తుంది.

పలాస స్టేషన్లో పొద్దుటి ప్యాసింజరు కదలకముందే సీట్ల సర్దుబాటు అయిపోతుంది. కిటికీ దగ్గర ఒకరు, ఎదురుగా ఒకరు, వాళ్ల పక్కన చెరొకరు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, గుమస్తాలు... జేబులో నెల పాసు, ఒళ్లో క్యారేజీ సంచి. ఆ సంచి మీదే ఫోను వెల్లకిలా పడుతుంది. పూండి దాటేలోపు ఎవరికో ఒకరికి ఆరు పడుతుంది, ఎర్ర కాయ గడప దాటుతుంది. నౌపడ ఉప్పుమళ్లు వచ్చేసరికి పచ్చ కాయ చచ్చి మళ్లీ ఇంటికి చేరుతుంది. "ఏటి బావా, నా కాయే దొరికిందేటి నీకు?" అన్న గొడవ కోటబొమ్మాళి దాకా సాగుతుంది. నిల్చున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు వంగి చూస్తూ అడక్కుండానే సలహాలిస్తుంటారు. శ్రీకాకుళం రోడ్డు వచ్చేలోగా ఎవరిదో ఒకరిది పండాలి.

ఫోను ఒకరిది, వేళ్లు నలుగురివి. చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ అనగానే తల వంచుకుని లోకం మరిచిన కుర్రాడు గుర్తొస్తాడు. ఈ పెట్టెలో మాత్రం ఆ ఆటే రచ్చబండ అయి కూర్చుంది.

తువ్వాలు పోయి తెర వచ్చింది

ఇది రైలుకు కొత్త అలవాటేం కాదు. ఒకప్పుడు ఇదే చోట నలుగురి మోకాళ్ల మీద తువ్వాలు పరిచి పేకలు పంచేవారు. ముక్కలు జారిపోయేవి, గాలికి ఎగిరిపోయేవి, దిగాల్సిన స్టేషన్ వచ్చేసరికి లెక్క తేలేది కాదు. నవీ ముంబయికి చెందిన గేమెషన్ సంస్థ 2016లో తెచ్చిన లూడో కింగ్ ఈ బాధలన్నీ తీర్చింది. పాచిక జారదు, కాయ పోదు, లెక్క యంత్రమే చూసుకుంటుంది. పైగా అష్టాచెమ్మా, పచ్చీసు ఆడిన చేతులకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు.

అన్నిటికంటే పెద్ద సుగుణం, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా చవకైంది. అయినా కదిలే రైల్లో ఫోను ఒక టవర్‌ను వదిలి ఇంకో టవర్‌ను పట్టుకుంటూ పోవాలి. తుపాకీ ఆటల్లో మన వేలి కదలిక ఎప్పటికప్పుడు దూరాన ఉన్న సర్వర్‌కు చేరి తిరిగి రావాలి. మధ్యలో ఒక్క క్షణం తెగినా, మళ్లీ కలిసేసరికి మన బొమ్మ నేల మీద పడి ఉంటుంది. సిగ్నలు బలహీనంగా ఉన్నచోట దాన్ని వెతకడానికే బ్యాటరీ ఖర్చవుతుంది. సాయంత్రం తిరుగు ప్రయాణానికి నాలుగు గీతల ఛార్జింగ్ మిగుల్చుకోవాల్సిన ఉద్యోగికి ఇది తలకు మించిన విలాసం.

ఆడవాళ్లు కూర్చున్న వైపు లూడో తక్కువ, రంగు మిఠాయిలు జతపరిచే క్యాండీ క్రష్ లాంటివి ఎక్కువ. ఇంట్లో పొయ్యి, బడిలో గంట. రెండింటికీ నడుమ ఎవరూ ఏ పనీ చెప్పని సమయం ఆ రైల్లోనే దొరుకుతుంది. దాన్ని ఎవరితోనూ పంచుకోకుండా వాడుకునే హక్కు వాళ్లకుంది.

టెక్కలి దారి వేరు

పలాస నుంచి టెక్కలి వెళ్లేవారికి రైలు సరిగ్గా కలిసిరాదు. హౌరా–చెన్నై ప్రధాన మార్గం నౌపడ మీదుగా పోతుంది. టెక్కలి స్టేషన్ నౌపడ నుంచి గుణుపురం వెళ్లే శాఖా మార్గంలో ఉంది. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలైన చిన్న రైలు దారి అది. 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ అయింది. అందుకే ఈ రెండు ఊళ్ల మధ్య రోజూ తిరిగేవాళ్లు ఎక్కువగా పదహారో నంబరు జాతీయ రహదారి మీద బస్సునే నమ్ముకుంటారు. 2001లో టెక్కలి దగ్గర ఆదిత్య ఇంజినీరింగ్ కళాశాల వచ్చాక ఆ దారిలో పుస్తకాల సంచులూ పెరిగాయి.

బస్సులో ఆట మారిపోతుంది. ఒక చెయ్యి పైన కడ్డీకి, రెండో చేతిలో ఫోను, ఆడేది ఒక్క బొటనవేలు. కాబట్టి నిలువు తెర మీద నడిచే ఆటలే గెలుస్తాయి. 2011 నాటి టెంపుల్ రన్, 2012 నాటి సబ్‌వే సర్ఫర్స్ ఇప్పటికీ ఇక్కడ బతికున్నాయి. రైలు పట్టాల మీద పరుగెత్తే పిల్లాడి ఆటను బస్సులో నిలబడి ఆడటం ఒక తమాషా. ఆ పరుగు నిమిషంలో ముగుస్తుంది. కండక్టర్ "టికెట్" అన్నా, డ్రైవర్ సడన్ బ్రేకు వేసినా పెద్దగా నష్టం లేదు.

సీటు దొరికిన కాలేజీ కుర్రాళ్ల సంగతి వేరు. ఫోను అడ్డంగా తిరుగుతుంది, రెండు బొటనవేళ్లూ దిగుతాయి. పబ్‌జీని 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 జులైలో మళ్లీ ఆగింది, 2023 మేలో మళ్లీ తెరుచుకుంది. ఒక బీటెక్ బ్యాచ్ చేరి, చదివి, బయటపడేలోపు ఒకే ఆట ఇన్నిసార్లు పోయి వచ్చింది. ఆ ఆటలో ఒక మ్యాచ్ అరగంట దాకా పడుతుంది, మధ్యలో ఆపడానికి వీల్లేదు. జట్టును వదిలి దిగిపోతే స్నేహితుల తిట్లు తప్పవు. దిగకపోతే స్టాప్ దాటిపోతుంది.

ఉద్దానం ఆటోలో...

ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల తీర గ్రామాల నుంచి పలాసకో హైవేకో చేరాలంటే చాలామందికి షేర్ ఆటోయే గతి. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక ఒళ్లో పిల్లలు, కాళ్ల కింద కొబ్బరికాయల బస్తా. చేతులు కడ్డీని వదిలే వీల్లేదు. తెల్లారగట్లే జీడిపప్పు ఫ్యాక్టరీలకు బయల్దేరే ఆడకూలీల ఫోను కొంగుముడిలోనో, అన్నం సంచిలోనో ఉంటుంది. పిక్క కొట్టి, పొట్టు తీసే వేళ్లకు రోజంతా కావలసినంత పని. ఆ వేళ్లు దారిలో మళ్లీ ఆటలు కోరుకోవు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ఇంకో ప్రయాణం ఉంది. కిడ్నీ జబ్బు పట్టిన కుటుంబాలు వారంలో రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరుగుతాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. రోగి యంత్రం దగ్గర గడిపేది సుమారు నాలుగు గంటలు. వెంట వచ్చిన కొడుకో మనవడో వరండాలో ఫోను తీస్తే మందలించాల్సిన పని లేదు. అక్కడ ఆట కాస్త గుండె చిక్కబట్టుకోవడానికే.

పుట్టిందే రైల్లో

చేతి వీడియో గేమ్‌కూ రోజువారీ ప్రయాణానికీ బంధం పాతదే. జపాన్ నింటెండో సంస్థలో పనిచేసిన గున్‌పేయ్ యొకోయ్ బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి కాలక్షేపానికి కాలిక్యులేటర్ మీటలు నొక్కుతుండటం చూశాడట. ఆ ఆలోచన నుంచి, అప్పటికే చవకైపోయిన కాలిక్యులేటర్ తెరతోనే, 1980లో గేమ్ అండ్ వాచ్ పుట్టింది. 1989లో ఆయన బృందమే గేమ్ బాయ్ తెచ్చింది. పోటీదారుల దగ్గర రంగుల తెరలున్నాయి. దీనిది రంగుల్లేని తెరే అయినా సన్న బ్యాటరీలు నాలుగు వేస్తే చాలాసేపు ఆగకుండా నడిచేది. గెలిచింది అదే.

మన వైపు గేమ్ బాయ్ పెద్దగా రాలేదు. తిరనాళ్లలో అమ్మే ఇటుకల ఆట పెట్టె వచ్చింది, మీట నొక్కితే రింగులు లేచే నీళ్ల బొమ్మ వచ్చింది. తర్వాత నోకియా 1100 వచ్చింది. అందులో పాము, టార్చిలైటు రెండూ ఉండేవి. ఉద్దానంలో ఆ రెండోదానికే విలువ ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరాన్ని ఊడ్చేసి, రోజుల తరబడి కరెంటు లేకుండా చేసినప్పుడు ఫోన్లో మిగిలిన ఛార్జింగ్ ఎంత అన్నదే ఊరంతటి ప్రశ్న. ఆ రోజుల్లో ఆటలు ఎవరికీ గుర్తు లేవు. ఇక్కడ గెలిచిన ఆటలన్నీ తక్కువ ఖర్చుతో, తక్కువ సిగ్నలుతో, తక్కువ ఛార్జింగ్‌తో బతికేవే. జపాన్ వాళ్ల లెక్కా అదే.

పందెం దిగిన చోట

చెడు ఆటలో లేదు, అందులోకి దిగే డబ్బులో ఉంది. తువ్వాలు మీద పేకాటలో పందెం ఉన్నా పెట్టెలో అందరికీ తెలిసేది. ఓడినవాణ్ని "చాల్లే, లే" అనే పెద్దమనిషి ఒకరు ఉండేవారు. ఫోన్లో రమ్మీ అలా కాదు. పక్క సీటువాడికి కూడా తెలియకుండా జీతం ఆవిరైపోతుంది. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లోనే సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ముడిపడ్డ ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా ఆపేసింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చేవారికి రెండేళ్లు, 50 లక్షలు. అయినా లింకుల రూపంలో దొంగదారిన వచ్చేవి వస్తూనే ఉంటాయి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మిగతావి మర్యాదలు. రాత్రి డ్యూటీ దిగి కునుకు తీస్తున్న నర్సమ్మ పక్కన తుపాకులు పేల్చకండి, శబ్దం ఆపండి. తలుపు దగ్గర నిలబడి ఆడకండి. పట్టాలు దాటేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంచుకోకండి. ఇంకా ఒక్క అడుగు దూరంలో కాయ పండబోతున్నా సరే, స్టేషన్ వస్తే ఫోను జేబులో పెట్టి దిగండి. డబ్బులడిగే ఆటకైతే అసలు ఎక్కనే ఎక్కకండి.